రోహిణి కార్తెలో వేసిన వాన

"ఏవండీ, మీరొక పది నిమిషాలు కిందికి దిగుతారా అండి?" అన్నాను, గొడుగు పక్కకి జరిపి తల పైకెత్తి.

వాటర్ ట్యాంకు నిచ్చెన మీదనుంచి జవాబు వచ్చింది. "ఏవండీ, మీరొక పది అడుగులు అవతలికి జరుగుతారా అండి?"

"నేనిక్కడ బొమ్మ వేసుకుంటున్నానండి. మీరు అడ్డం వస్తున్నారండి."

"నేనిక్కడ ఉద్యోగం చేసుకుంటున్నానండి. పెచ్చులూడి పడుతున్నాయండి. మీ బుర్ర మీద పడితే నాకు సంబంధం లేదండి."

మా గోదావరి వైపు పోట్లాట ఇలాగే ఉంటుంది. కోపం పెరిగేకొద్దీ గొంతు పెరగదు, అండీలు పెరుగుతాయి. ఒక మాటకి మూడు అండీలు పడ్డాయంటే వ్యవహారం ముదిరినట్టే. నేను నాలుగో అండీకి సిద్ధమవుతూ ఉండగా అప్పడమంత సిమెంటు పెచ్చు ఒకటి వచ్చి నా రంగుల ప్లేటులో పడింది. నేను జరిగాను. ఓడిపోయి కాదు, రంగులు ఒలికిపోయి.

నా పేరు చరణ్‌తేజ. ఏలూరులో ఒక ప్రైవేటు స్కూల్లో డ్రాయింగ్ మాస్టారిని. మాది పెదపాడు వెళ్లే దారిలో ఒక పల్లెటూరు. ఇంటి చుట్టూ వరి, వరి చుట్టూ చేపల చెరువులు. ఇంత పచ్చదనం పెట్టుకుని నేను వేసేది మాత్రం పాత కాంక్రీటు. దాని మీద కురిసే వాన. మా అమ్మ పుష్పలతకి ఉన్న దిగులల్లా ఇదే. "కొల్లేరు పక్కన పుట్టి ఒక్క కొంగని వెయ్యలేదురా నువ్వు" అంటుంది. ఇంటికొచ్చిన చుట్టాలకి చూపించుకోవడానికి ఆవిడకి ఒక కొంగ కావాలి.

కొంగలు ఎలాగూ అందరికీ అందంగానే కనిపిస్తాయి. వాటికి నా అవసరం లేదు. మా ఊరి నలభై అయిదేళ్ల వాటర్ ట్యాంకుకి ఉంది. ఎండా వానా తిని తిని దాని గోడ మీద బూడిద రంగులే పదహారు రకాలు తేలాయి. వాన మొదలవగానే ముందు పై అంచు నల్లబడుతుంది. తర్వాత చారలు చారలుగా తడి కిందికి దిగుతుంది. ఒక చార తొందరపడుతుంది, ఇంకో చార సగంలో ఆగి ఆలోచించుకుంటుంది. అలా చూస్తూ కూర్చుంటే నాకు ఆకలి వెయ్యదు. వేసినా రోడ్డుకి అవతల దేవకుమారిగారి టిఫిన్ హోటల్ ఉంది.

ఆ రోజు నేను తట్టాబుట్టా సర్దుకుని ఆ హోటల్ అరుగు మీదికే చేరాను. అక్కడినుంచి చూస్తే ట్యాంకు మొత్తం కనిపిస్తోంది. నిచ్చెన మీద ఎర్ర రెయిన్‌కోటులో ఆ అమ్మాయి చిన్న సుత్తితో గోడని తట్టి, చెవి ఆనించి వింటోంది. మళ్లీ తట్టి మళ్లీ వింటోంది. గోడ ఏం చెబుతోందో గానీ ఈవిడ శ్రద్ధ మాత్రం నాకు నచ్చింది. ఆ మాట ఒప్పుకోవడానికి మాత్రం నాకు రెండు రోజులు పట్టింది.

"కొత్త ఇంజనీరమ్మ" అన్నారు దేవకుమారిగారు, ఇడ్లీ ప్లేటు నా ముందు పెట్టి. "పేరు వీరదుర్గ. మంచినీళ్ల ఆఫీసు. సొంతూరు ఉండి అనే ఊరు. ఏలూరులో పిన్నిగారింట్లో ఉంటారంట."

"ఇంకా ఏం తెలుసండి?"

"పెసరట్టు కూడా చెప్పనా మాస్టారూ?"

చెప్పమన్నాను. పెళ్లి కాలేదన్న సంగతి పెసరట్టుతో పాటు వచ్చింది.

ఆ తర్వాత పది రోజులూ వాన వదల్లేదు. నేను సాయంత్రం స్కూలు వదలగానే బస్సెక్కి వచ్చి అరుగు మీద కూర్చునేవాణ్ణి. ఆమె ట్యాంకు పని చూసుకుని టీకి వచ్చేది. మొదటి రోజు నా వైపు చూడలేదు. రెండో రోజు నా బొమ్మ వైపు చూసింది. మూడో రోజు ఆగిపోయింది.

"ఇదేంటండి, నిచ్చెన మీద బకెట్టు పెట్టారు?"

"అది మీరండి."

ఆమె వంగి మరోసారి చూసింది. దేవకుమారిగారు గరిటె పట్టుకుని వచ్చి చూశారు. టీ తాగుతున్న ఇద్దరు రైతులు కూడా చూశారు. అందరూ కలిసి బకెట్టే అని తేల్చారు.

"నన్ను బొమ్మలో వేశారంటే ఏదో పెద్ద మర్యాద జరిగిందనుకున్నాను" అంది వీరదుర్గ.

"దూరం నుంచి మనుషులు అలాగే కనిపిస్తారండి."

"దగ్గర్నుంచి వేసే అలవాటు లేదా అండి?"

చెవులు వేడెక్కాయి. ఏదో ఒకటి చెయ్యాలి కాబట్టి పక్కనున్న ఉప్పు డబ్బాలోంచి చిటికెడు తీసి తడి రంగు మీద చల్లాను. ఉప్పు రాయి పడ్డచోటల్లా రంగు విచ్చుకుని మచ్చలు మచ్చలుగా ఆరుతుంది. పాత కాంక్రీటుకి అంతకంటే మంచి ఉపాయం నాకు తెలీదు. వీరదుర్గ కళ్లు పెద్దవయ్యాయి.

"అచ్చం అలాగే ఉందండి. గోడకి ఉప్పు పడితే కూడా అచ్చం ఇలాగే అవుతుంది."

"మీది మీరు తగలెయ్యండి, నా ఉప్పు కాదు" అన్నారు దేవకుమారిగారు, డబ్బా లాక్కుని. "రోజుకి పావుకిలో ఈయన బొమ్మలే తింటున్నాయి."

వీరదుర్గ నవ్వింది. మంచి నవ్వు. నేను బ్రష్ నీళ్ల గ్లాసులో కాకుండా టీ గ్లాసులో ముంచాను. తర్వాత ఆ టీయే తాగాను కూడా. ఎవరూ చూడలేదనుకున్నాను. ఆమె చూసింది.

అక్కడినుంచి మాటలు పెరిగాయి, అండీలు తగ్గాయి. ఆమెకి కాంక్రీటు గురించి చెప్పడం ఇష్టం, నాకు వినడం ఇష్టం. ఇసుక, చువ్వ, తుప్పు అంటూ ఆ అమ్మాయి మాట్లాడుతుంటే నాకు వెన్నెల గురించి విన్నట్టే ఉండేది. మా అమ్మ అడిగిన కొంగ సంగతి చెబితే తను అమ్మ పక్షమే అంది. ఒక్క కొంగకి ఏం పోతుందండి అంది. వేస్తానని మాటిచ్చాను. పాతికేళ్లలో అమ్మ సాధించలేనిది ఈమె పది రోజుల్లో సాధించిందంటే నా పరిస్థితి మీరే ఊహించుకోండి.

పదకొండో రోజు ఆమె టీ చెప్పకుండానే కూర్చుంది.

"శుక్రవారం సాయంత్రంలోగా రిపోర్టు ఇవ్వాలండి" అంది. "ట్యాంకు కారుతోంది. రాత్రి నింపితే తెల్లారేసరికి జానెడు దిగిపోతోంది. మా పై అధికారి డి.ఇ. గారేమో గోడే పాడైపోయింది, కూల్చేద్దామంటున్నారు. నేనేమో సుత్తి పెట్టి చూశాను, గోడ గట్టిగానే పలుకుతోంది. ఎక్కడో ఒక్క చోట కారుతోంది, అది మూస్తే ఇంకో ఇరవై ఏళ్లు ఉంటుంది అని నా నమ్మకం. ఆ ఒక్క చోటు ఏదో చూపించమంటున్నారు. పై నుంచి కింద దాకా అంతా తడిసే ఉంటే ఏది వాన తడో ఏది లోపలి తడో ఎలా తెలుస్తుందండి?"

"కూల్చేస్తే?"

"కొత్తది కట్టేదాకా మీ ఊరికి ట్యాంకర్లే. రెండేళ్లో, మూడేళ్లో. నా మొదటి రిపోర్టండి ఇది."

ఆమె చేతిలోని చిన్న సుత్తిని బల్ల మీద పెట్టేసింది. అది నేను చూడలేకపోయాను. ఆలోచన వచ్చీ రాకముందే నోరు తెరిచాను.

"నా దగ్గర వేసవిలో వేసిన బొమ్మలున్నాయండి. మే నెలవి. అప్పుడు చుక్క వాన లేదు. ప్రతి బొమ్మ వెనకా తేదీ, టైము రాసి పెట్టుకున్నాను."

ఆమె లేచి నిలబడింది. ఎండాకాలంలో గోడ మీద తడి కనిపిస్తే అది వాన తడి కాదు, లోపలి తడే. ఆ సంగతి నాకంటే ముందు ఆమెకి తట్టింది. నేను పరుగెత్తి ఇంటికెళ్లి బొమ్మల కట్ట తెచ్చాను. హోటల్ బల్లలన్నీ కలిపి పరిచాం. దేవకుమారిగారు ఆ పూటకి గిరాకీ వదులుకుని బల్లలు తుడిచి ఇచ్చారు.

"మీ కన్ను కెమెరా కంటే నయమండి" అంది వీరదుర్గ, ఒక్కొక్క బొమ్మే చూస్తూ. అంత మాట నన్ను ఇంతవరకు ఎవరూ అనలేదు. మూరెడు పొంగిపోయాను.

మే ఇరవై తొమ్మిదో తేదీ బొమ్మ దగ్గర ఆమె చెయ్యి ఆగింది. గోడకి ఎడమ వైపు, సరిగ్గా నడుమ నుంచి కింద దాకా నల్లటి తడి చార ఒకటి.

"గోడలోంచే వస్తోంది" అంది నెమ్మదిగా. "అంటే గోడే చీలిందండి. డి.ఇ. గారే కరెక్టు."

నా పొంగు అక్కడే చల్లారింది. ఆ చార గోడ మీద లేదు. ఎప్పుడూ లేదు. నేనే పెట్టాను.

రోహిణి కార్తె అది. రోళ్లు పగిలే ఎండ. నెల రోజులుగా పొడి గోడని చూసి చూసి నాకు విసుగొచ్చింది. బొమ్మలో ఎడమ పక్క మరీ బోసిగా ఉంది. వాన వచ్చేదాకా ఆగలేక ఒక చార వానని నేనే గోడ మీద వేసేశాను. బొమ్మకి అందం వచ్చింది. ఆ రాత్రి హాయిగా నిద్ర పట్టింది.

ఇదంతా ఆ క్షణంలోనే చెప్పేసి ఉంటే నేను మనిషిని అనిపించుకునేవాణ్ణి. చెప్పలేదు. కెమెరా కంటే నయమన్న మాట ఇంకా చెవిలోనే ఉంది. రేపు చెబుదామనుకున్నాను. ఆమె కట్ట చంకలో పెట్టుకుని, "మీరు లేకపోతే నేను తప్పు రిపోర్టు రాసేదాన్నండి, చాలా థాంక్స్" అని వెళ్లిపోయింది.

శుక్రవారం మధ్యాహ్నం ఏడో తరగతికి క్లాసు. చూసింది చూసినట్టు వెయ్యాలని బోర్డు మీద రాశాను. రాసి, దాన్ని నేనే చదువుకున్నాను. పిల్లలు నా మొహం చూసి కడుపునొప్పి అనుకున్నారు. హెడ్ మాస్టారు కూడా అదే అనుకుని సెలవిచ్చారు.

నేరుగా మంచినీళ్ల ఆఫీసుకి వెళ్లాను. ఆమె బల్ల మీద రిపోర్టు టైపు చేసి ఉంది. సంతకం ఒక్కటే మిగిలింది. నన్ను చూసి కుర్చీ చూపించింది. నేను కూర్చోలేదు. కూర్చుంటే లేవమంటుందేమోనని భయం.

"ఆ చార లేదండి" అన్నాను.

"ఏ చార?"

"మే నెల చార. నేను వేశాను. బోసిగా ఉందని."

ఆమె పెన్ను మూత పెట్టింది. పక్క బల్ల దగ్గర గుమాస్తా ఫైలు తిప్పడం మానేశారు.

"మొన్న బల్లల మీద పరిచినప్పుడు ఈ సంగతి మీకు తెలుసా అండి?"

"తెలుసండి."

"తెలిసి కూడా రెండు రోజులు ఆగారా అండి?"

"మీరు నా కన్ను బాగుందన్నారండి. మీ నోట ఆ మాట ఇంకో రెండు రోజులు ఉంటుందని ఆగానండి."

"ఊరికి నీళ్లు పోయేవండి. నా మాటకి విలువ పోయేదండి. మీకు మాత్రం మెప్పు ఉండేదా అండి?"

అండీల లెక్క దాటిపోయింది. నేను తల దించుకున్నాను. ఆమె కొత్త కాగితం ముందుకి లాక్కుంది.

"ఇంకా ఏమేం మార్చారు? అన్నీ చెప్పండి. కలిపినవీ, తీసేసినవీ."

పరీక్ష హాల్లో నిలబడ్డట్టు చెప్పుకుంటూ పోయాను. "కరెంటు తీగలు తీసేశానండి. స్తంభానికి కట్టిన పుట్టినరోజు ఫ్లెక్సీ తీసేశాను. మూడు కాకుల్లో ఒకదాన్ని ఎడమ పక్కకి జరిపాను. కింద మా ఊరి గేదె ఒకటి ఉంటే దాన్ని వెయ్యలేదు. పైపు పక్కన నాచు తీసేశాను."

పెన్ను ఆగింది. "ఏ పైపు?"

"నీళ్లు పైకెక్కే పైపండి. ట్యాంకు అడుగున లోపలికి దూరుతుంది కదా, ఆ చోట అరచెయ్యంత నాచు. నిగనిగలాడే పచ్చ. బూడిద రంగు మధ్యలో కంట్లో నలుసులా ఉండేదండి. అందుకని వదిలేశాను."

"ఎప్పుడు చూశారు దాన్ని?"

"ఎప్పుడూ ఉండేదండి. రోహిణి కార్తెలో కూడా పచ్చగానే ఉండేది. ఊళ్లో గడ్డంతా మాడిపోయినా అది మాత్రం..."

నేను వాక్యం పూర్తి చేసేలోపే ఆమె స్కూటీ తాళం తీసుకుంది. వానాకాలంలో అన్నిటికీ నాచు పడుతుంది, కాబట్టి జూలైలో ఆమెకి ఆ మచ్చ ప్రత్యేకంగా కనిపించలేదు. రోళ్లు పగిలే ఎండలో కూడా బతికిందంటే దానికి రోజూ ఎవరో నీళ్లు పోస్తున్నట్టే. ఇదంతా ఆమె దారిలో స్కూటీ నడుపుతూ అరిచి చెప్పింది. నాకు కాదు, గాలికి. వెనక కూర్చున్న నాతో ఆమె మాట్లాడటం లేదు.

నిచ్చెన ఎక్కి నాచు గీరేసింది. పొడి గుడ్డతో తుడిచి చూసింది. కింద నిలబడ్డ నేను, టీ గ్లాసులతో వచ్చిన నలుగురు, గరిటెతో దేవకుమారిగారు, అందరం తలలు పైకెత్తాం. తుడిచిన చోట పైపు చుట్టూ జాయింటు లోంచి నీటి బొట్లు వరసగా ఊరాయి. ఆమె మళ్లీ తుడిచింది. మళ్లీ ఊరాయి.

"ఇదే" అంది. ఆ గొంతులో ఆనందం కింద ఉన్న మాకందరికీ వినిపించింది.

అక్కడే నిచ్చెన మీదనుంచే డి.ఇ. గారికి వీడియో పంపింది. సాయంత్రానికి పాత రిపోర్టు చింపి కొత్తది పెట్టింది. గోడ గట్టిది, జాయింటు మార్చాలి, అంతే. వారం తిరక్కుండా జాయింటు మారింది, ట్యాంకు కారడం ఆగింది. ఊళ్లో అందరూ ఇంజనీరమ్మని పొగిడారు. నన్నెవరూ పొగడలేదు. పొగిడితే బాగుండేది కాదు కూడా.

ఆమె మాత్రం నాతో మాట్లాడలేదు. పని చూసుకోవడానికి వచ్చేది, టీ తాగేది, వెళ్లిపోయేది. నేను అరుగు మీద ఉన్నానన్న సంగతి ఆమె కళ్లకి తెలీనట్టే ఉండేది. ఇరవై రోజులు. ఒక్క అండీ అయినా విసిరితే ఏరుకునేవాణ్ణి. బొమ్మలు వేశాను. తీగలు వేశాను, ఫ్లెక్సీ వేశాను, అందులో పుట్టినరోజు వాడి కళ్లజోడు కూడా వేశాను. గేదె పొద్దున్నే వచ్చి నిలబడితే అది కదిలే దాకా కూర్చుని వేశాను. ఒక్కటి కూడా అందంగా రాలేదు. అయినా ఒక్కటీ దిద్దలేదు.

ఒక ఆదివారం ఆరడుగుల పెద్దమనిషి ఒకాయన అరుగు ఎక్కి నా ఎదురుగా కూర్చున్నారు. తెల్ల పంచె, చేతిలో హెల్మెట్.

"చరణ్‌తేజ గారంటే మీరేనా అండి? నా పేరు వెంకట్రాజు. ఉండి నుంచి వస్తున్నాను. వీరదుర్గ మా అమ్మాయి."

నేను లేచి నిలబడ్డాను. దేవకుమారిగారు అడక్కుండానే రెండు టీలు పెట్టి, మూడో టీతో తనూ దగ్గర్లోనే కూర్చున్నారు.

"మా అమ్మాయి ఇంటికొస్తే మూడు వారాల నుంచి మీ మీద కోపమేనండి" అన్నారాయన. "అన్నం తింటూ కోపం, టీవీ చూస్తూ కోపం. ఇదివరకు ఎవరి మీదా ఇన్నాళ్లు కోపం ఉంచుకోలేదు. వాళ్ల అమ్మకి అనుమానం వచ్చింది. నన్ను వెళ్లి చూసి రమ్మంది."

ఆయన కూర్చోమని సైగ చేస్తే కూర్చున్నాను.

"పది సంబంధాలు వచ్చాయండి. వచ్చిన ప్రతి ఒక్కరూ మీ అమ్మాయి బంగారం, మహాలక్ష్మి అన్నారు. పది నిమిషాలు కూడా మాట్లాడకుండానే. మీరు నెల రోజుల పైనుంచి చూస్తున్నారు. మీరు చెప్పండి. మా అమ్మాయి ఎలాంటిది?"

నేను టీ పక్కన పెట్టాను. కలపనూ లేదు, తీసెయ్యనూ లేదు.

"కోపం ఎక్కువండి. ఒకసారి వస్తే ఇరవై రోజులు ఉంటుంది. తను చెప్పేది అయ్యేదాకా ఎదుటివాళ్లని మాట్లాడనివ్వదు. స్కూటీ గతుకు చూసి నడపదు. నా నడుం ఇంకా నొప్పి. తప్పు చేసినవాణ్ణి అందరి ముందూ నిలబెట్టి అడుగుతుంది. తను తప్పు రాయబోయిందని తెలిస్తే మాత్రం సంతకం పెట్టబోయిన కాగితాన్ని కూడా అందరి ముందే చింపుతుంది. ఎవరూ చూడని చోట కూడా ఆమె సరిగ్గానే పని చేస్తుందండి. నాకు ఆమె అంటే చాలా ఇష్టం. నేను మీ అమ్మాయితో అబద్ధం ఆడాను. అది కూడా మీకు తెలియాలి."

వెంకట్రాజు గారు గోడ మీద క్యాలెండరు వైపు చూశారు. తర్వాత భుజాలు కదిలేలా నవ్వారు.

"మా ఇంట్లో పాతికేళ్ల నుంచి ఉన్న మనిషే నువ్వు చెప్పింది బాబూ" అన్నారు. మీరు కాస్తా నువ్వు అయింది. "మీ అమ్మా నాన్నా ఏ రోజు తీరిగ్గా ఉంటారు?"

దేవకుమారిగారు ఇక దాచుకోలేక మూడు పెసరట్లు పెనం మీద వేశారు.

మర్నాడు సాయంత్రం వీరదుర్గ వచ్చింది. ఇరవై నాలుగు రోజుల తర్వాత నా ఎదుటి బల్ల దగ్గర కూర్చుంది. అప్పుడే వాన మొదలైంది. ట్యాంకు పై అంచు నల్లబడుతోంది. నేను దాన్ని చూడటం లేదు.

"మా నాన్నగారితో నా గురించి ఏం చెప్పారండి?"

"ఉన్నదంతా చెప్పానండి."

"కోపం గురించి?"

"చెప్పానండి."

"స్కూటీ గురించి?"

"అదీ చెప్పానండి."

ఆమె టీ గ్లాసు బల్ల మీద గుండ్రంగా తిప్పింది. "ఎలా ఉంటానో చెప్పారా?"

"ఆయన అడగలేదండి."

"నేను అడుగుతున్నాను. చూసింది చూసినట్టే చెప్పాలి."

నేను బ్రష్ కింద పెట్టాను. మొదటిసారి ఆమెని దగ్గర్నుంచి, తీరిగ్గా, దొంగచూపు కాకుండా చూశాను. వాన జల్లుకి తడిసి నుదుటికి అంటుకున్న జుట్టు, చెంప మీద సిమెంటు మరక, ఇంకా పూర్తిగా పోని కోపం, దాని పక్కనే నవ్వు.

"కలపడానికి ఏమీ లేదండి" అన్నాను. "తీసెయ్యడానికి కూడా ఏమీ లేదు."

ఆమె నా మొహంలోకి చూసింది. గోడని తట్టి విన్నప్పుడు చూసినట్టే చూసింది. తర్వాత నా గ్లాసు తన వైపు లాక్కుని, అది టీయో రంగు నీళ్లో చూసుకుని మరీ తాగింది.

"సరే. నమ్ముతున్నాను" అంది.